జానెడు వంకర

కోరుట్లలో మా డిగ్రీ కాలేజీలో నేను చరిత్ర చెబుతాను. ఏడాదికోసారి మూడు క్లాసుల్లో ప్రాచీన ఈజిప్టు మొత్తం చుట్టి రావాలి. నైలు నది, రాజులు, పిరమిడ్లు, గుళ్ళు. వెనక బెంచీ నుంచి ఏటా ఒకటే ప్రశ్న వస్తుంది, "మేడం, ఇది ఇంపార్టెంటా?" అని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నీకు తప్ప అందరికీ ఇంపార్టెంటే" అంటాను. రాజులు గుళ్ళు కట్టించిన సంగతి సిలబస్‌లో నాలుగు వాక్యాలు. వాటిని నేను గంటసేపు సాగదీస్తాను. ఏం చేయను, ఆ నాలుగు వాక్యాల్లో నాకు మా అవ్వా బాపూ కనబడతారు.

నన్ను కన్న అవ్వా, బాపూ సిరిసిల్లలో ఒక నేత వాడలో ఉంటారు. మా ఆయన ఉద్యోగం వల్ల మేం జగిత్యాలలో అద్దెకుంటున్నాం. నేను పొద్దున కోరుట్ల బస్సు, సాయంత్రం జగిత్యాల బస్సు, ఆదివారమైతే వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సు. నా వయసులో సగం ఆర్టీసీ వారికే ఇచ్చానని మా ఆయన ఎగతాళి చేస్తాడు.

పోయిన ఏడాది అలాంటి ఒక ఆదివారం, క్లాసు కోసం ఫోన్‌లో దాచుకున్న బొమ్మ ఒకటి బాపుకు చూపించాను. గుడి గోడ మీద చెక్కిన బొమ్మ అది. ఒక పక్క రాజు, ఎదురుగా ఒక దేవత. రాతకూ కొలతకూ ఆమే దేవత. ఇద్దరి చేతుల్లోనూ ఒక మేకు, ఒక సుత్తి ఉన్నాయి. రెండు మేకుల చుట్టూ ఒక తాడు. ఈజిప్టులో గుడికి పునాది వేయాలంటే పద్ధతి ఇదే. రాజే వచ్చి, ఆ దేవతతో కలిసి తాడు లాగి నాలుగు మూలలు గుర్తు పెట్టాలి. ఆ తర్వాత నీళ్ళు ఊరేదాకా కందకం తవ్వి, మొదటి ఇటుక తన చేత్తోనే అచ్చు వేసి, కందకంలో శుభ్రమైన ఇసుక పోయాలి. మూలల్లో చిన్న చిన్న ఉలులు, ఇటుక అచ్చులు, పనిముట్ల బొమ్మల్లాంటివి పాతిపెట్టాలి. నిజానికి రాజు ఎన్నిసార్లు వచ్చాడో, ఎన్నిసార్లు పూజారి కానిచ్చేశాడో మనకు తెలియదు. గోడల మీద మాత్రం ప్రతి గుడికీ రాజే తాడు లాగినట్టు ఉంటుంది.

బాపు కళ్ళజోడు పైకి తోసి, బొమ్మను వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. రాజును చూడలేదు, కిరీటం చూడలేదు. తాడును చూశాడు.

"ఇది ఒక్క వరస కాదు బిడ్డ. రెండు మేకుల సుట్టు తిరిగి అచ్చింది. మంచి పద్ధతి. గా కొస జరిగితె గీ కొసకు తెలుస్తది."

గడప దగ్గర చిక్కుడుకాయలు వలుస్తున్న అవ్వ కూడా ఫోన్ అందుకుంది.

"గామె ఎవలు?"

"కొలతల దేవతనే అవ్వా. రాజు గుడి కడుతుంటె సాయం అచ్చింది."

"సాయమేంది? గామె చేతుల గూడ సుత్తె ఉన్నది" అంది అవ్వ. "పేరెవలిదైతేంది గని, రెండో కొస ఒకలు పట్టాలె గద." ఆ మాట అని ఫోన్ నా ఒళ్ళో పడేసి మళ్ళీ చిక్కుడుకాయల్లో పడింది. ఎందుకంత తొందరగా ఇచ్చేసిందో నాకు అప్పుడు తట్టలేదు.

బాపు తాడును అంతలా ఎందుకు చూశాడో చెప్పాలి. ఒకప్పుడు మా వాడలో పడుగు పరిచే పనికి ఆయన తర్వాతే ఎవరైనా. మగ్గానికి ఎక్కించే నిలువు దారాలను పడుగు అంటారు. సాంచాలు, అంటే మరమగ్గాలు, వాడంతా రాకముందు ఆ పడుగును వీధి పొడుగునా కర్రల మీద చాచి కట్టేవారు. రెండు పక్కలా ఆడవాళ్ళు కుంచెలు పట్టుకుని, గంజి పూస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవారు. వందల పోగుల్లో ఒక్కటి వదులైనా బాపు దూరం నుంచే వేలు చూపించేవాడట. అందుకే వాడలో మార్కండేయ గుడి కట్టుకున్నప్పుడు, పునాదికి ముగ్గు పోయడానికి తాడు లాగే పని బాపుకు అప్పజెప్పారు. మేస్త్రి తంగళ్ళపల్లి నుంచి వచ్చినా సరే, నేతవాళ్ళ గుడికి నేతవాళ్ళ నూలుతో పేనిన తాడే ఉండాలి, దాన్ని పడుగు పరిచే చెయ్యే లాగాలి, భార్యాభర్తలు చెరో కొస పట్టాలి. మా వాడ పట్టింపు అది.

బాపు లాగాడు. గుడి లేచింది. స్లాబు వేసే ముందు మేస్త్రి కొలిచి చూస్తే, వీధి వైపు గోడ ఒక చివర జానెడు లోపలికి పోయి ఉంది.

ఇక చూడండి. పడుగులో ఒక్క పోగు తప్పు పట్టే మనిషి, దేవుడి గోడకే జానెడు తప్పాడన్నారు. మొదట్లో అది ఎగతాళి. తర్వాత మగ్గాలు పోయాయి, సాంచాల పని ఒక ఏడు ఉంటే ఒక ఏడు లేదు, కొన్ని ఇళ్ళలో చెప్పుకోలేని కష్టాలు వచ్చాయి. అప్పుడు ఎగతాళి కాస్తా నింద అయింది. "గుడి వంకర పోయినంకనే మన బతుకులు వంకర పోయినయ్" అని బాపు వినేట్టే అనేవారు. ఆయన ఒక్కనాడూ మారు మాట్లాడలేదు. "అవు, నా కన్ను తప్పింది" అని తల వంచుకుని వచ్చేవాడు. నేను పెళ్ళీడుకు వచ్చేదాకా ఆ మాట వింటూనే పెరిగాను. విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఆయనకెందుకు మండదా అని ఇంకా మండేది.

పోయిన ఏడాది ఆ గుడి పెచ్చులూడి పోతోందని, తీసేసి కొత్తది కడదామని వాడ కమిటీ తీర్మానించింది. ఆ మాట చెవిన పడ్డ రోజు నుంచి బాపు తాడు పేనడం మొదలుపెట్టాడు. ఎవరూ అడగలేదు. పాత నూలు ఎక్కడో సంపాదించి, రోజూ పొద్దున అరుగు మీద కూర్చుని, వణికే వేళ్ళతో పురి తిప్పేవాడు. పేనినంత చుట్ట చుట్టి దేవుడి పటం పక్కన మేకుకు తగిలించేవాడు. "ఒక్కసారి సక్కగ లాగి సూపిస్త బిడ్డ. ఇగ సాలు" అన్నాడు నాతో. అంతకు మించి ఆయనకు ఈ లోకంలో కోరిక ఏదీ ఉన్నట్టు కనిపించలేదు.

కమిటీ అధ్యక్షుడు నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు, బాపును పెద్దబాపూ అంటాడు. చెడ్డవాడేం కాదు. ఇంటికొచ్చి, చాయ్ తాగి, నెమ్మదిగానే చెప్పాడు.

"పెద్దబాపు, నువ్వు కుర్సీల కూసోని ఆశీర్వాదం ఇయ్యి. ముగ్గు ఇంజనీరు పోస్తడు, లేజర్ మిషిన్ తోని. నీకు తాడు ఇస్తె వాడోళ్ళు ఒప్పుకుంటలేరు. మల్ల అదే అయితదంటున్నరు."

బాపు "మంచిది బిడ్డ" అన్నాడు. అతను వెళ్ళాక తాడు చుట్ట దించి, పాత సంచిలో పెట్టి, సంచిని సందుగు పెట్టె వెనక్కి తోసేశాడు. అవ్వ ఆయన్నే చూస్తూ నిలబడింది. ఆ రోజు ఇద్దరూ సగం అన్నం వదిలేశారు.

నేను ఊరుకుంటానా. మరుసటి ఆదివారం గుడి ముందు వాడ మీటింగు ఉందని తెలిసి, కాలేజీ ప్రింటర్ మీద ఇంకో బొమ్మ తీసుకుని పోయాను. లక్సర్ అనే ఊళ్ళో నైలు ఒడ్డునే ఉన్న గొప్ప గుడి, పైనుంచి తీసిన బొమ్మ. ఒక రాజు కట్టిన గుడికి ఇంకో రాజు ముందువైపు పెద్ద ప్రాంగణం చేర్చాడు. అది తిన్నగా రాలేదు, పక్కకు ఒరిగింది. ప్రపంచమంతా పోయి దాన్నే చూసి వస్తుంది. మీటింగుకు పోయే ముందు ఇంట్లో బాపుకు చూపించి, వేలితో గీత గీసి చెప్పాను.

"చూసినవా బాపూ, అంత పెద్ద రాజు గుడే వంకర. వాళ్ళకు తాడు లాగ రాకనా? అక్కడ ముందే ఒక చిన్న గుడి ఉందట, దాన్ని విడిచిపెట్టలేక ఒంచిండ్రని కొందరంటరు. ఊరేగింపు తొవ్వకు ఎదురుగ ఉండాల్నని ఒంచిండ్రని కొందరంటరు. ఏదైనా గని, గోడ ఊకెనే వంకర పోదు. ఎవరో, ఎందుకో వంచుతరు."

బాపు చప్పున నా చేతిలోంచి కాగితం తీసుకుని మడిచేశాడు. "సాలు తీయి, గక్కడ ఇవన్నీ చెప్పకు" అన్నాడు. నేను అవ్వ వైపు తిరిగాను. ఆమె ముఖం కడిగి, మంచి చీర కట్టుకుని, గడప దాటుతోంది. మీటింగులకు ఎన్నడూ రాని మనిషి. "ఏడికే?" అని బాపు అరిచాడు. నేను పుట్టాక ఆయన గొంతు అంత పెద్దగా విన్నది అదే మొదటిసారి.

గుడి ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో మగవాళ్ళు, అరుగుల మీద ఆడవాళ్ళు ఉన్నారు. నేను నోరు తెరిచేలోపే అవ్వ నడుమకు పోయి నిలబడింది.

"ఆయిన కన్ను తప్పలే. మేకు నేను జరిపిన."

ఎవరికీ అర్థం కాలేదు. అవ్వ గోడ చివర ఉన్న బోరింగు పంపు వైపు చెయ్యి చూపించి, పప్పులో ఉప్పెంతో చెప్పినంత మామూలుగా చెప్పుకుపోయింది. ఆనాడు తాడు లాగి, పంతులు పూజ చేశాక, మేస్త్రి ముగ్గుపిండి కలుపుకుంటూ ఉంటే అందరూ చాయ్‌కి పోయారట. రెండో కొస దగ్గర అవ్వ ఒక్కతే మిగిలింది. చూస్తే మేకుకూ బోరింగు గద్దెకూ నడుమ సందు అతి సన్నం. రేపు అక్కడ గోడ లేస్తే, పడుగు పక్కన కుంచె పట్టుకుని నడిచే ఆడమనిషి ఆ చివర ఎలా తిరగాలి? అందులోనూ నెలలు నిండిన మనిషైతే?

"అప్పటికి నాకు మూడో నెల. గీ బిడ్డనే కడుపుల" అని నా వైపు చెయ్యి చూపింది. "నాలుగు దినాలు పోతె కడుపు ముందటికస్తది, నేనెట్ల నడవాలె అని, మేకు గుంజి జానెడు లోపటికి కొట్టిన. గంతే. మొత్తం గోడే వంకరయితదని నాకెర్కలే."

 నా వయసంత కాలం మా బాపు తల మీద మోసిన ఆ జానెడు నాదే. నేనే ఆ వంకర. అక్కడే నిలబడి ఏడ్చాను, దాచుకోవాలనిపించలేదు.

కుర్చీల్లోంచి ఒక పెద్దమనిషి లేచాడు. ఇల్లాలు కడుపుతో ఉంటే ఆ ఇంటాయన ముగ్గు పోయకూడదు, పునాది ముట్టకూడదు. ఇళ్ళకే మా దగ్గర ఆ పట్టింపు ఉంది, గుడికి చెప్పనే అక్కర్లేదు. "కడుపుతోని ఉండి పీటల మీద ఎట్ల కూసున్నవమ్మా? అప్పుడు ఎందుకు చెప్పలే?" అని అడిగాడు.

అవ్వ కొంగు నడుముకు దోపుకుంది. అప్పటికి బాపు అక్కడికి చేరుకున్నాడు, చెప్పుల్లేకుండా.

"అది అబద్ధం చెప్తున్నది. నన్ను కాపాడాల్నని అంటున్నది. తప్పు నాదే, నా కన్నే తప్పింది" అన్నాడు. అవ్వకు అడ్డంగా నిలబడ్డాడు. "దాన్ని ఒక్క మాట గూడ అనకుండ్రి."

అప్పుడర్థమైంది నాకు. గోడ వంకర బయటపడ్డ నాడే ఆయనకు తెలుసు. తెలిసే, ఇన్నేళ్ళూ తల వంచాడు. వాడకు వచ్చిన ప్రతి కష్టం ఎవరి నెత్తిన పడుతుందో ఆయనకు ముందే తెలుసు, అది అవ్వ నెత్తిన పడకూడదనుకున్నాడు. నేనేమో రాజుల త్యాగాల గురించి క్లాసులో నోట్సు రాయిస్తాను.

అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే అరుగు మీది నుంచి అధ్యక్షుడి తల్లి దిగి వచ్చింది. నాకు చిన్నమ్మ వరస. ఒకప్పుడు పడుగుకు అవతలి పక్క కుంచె పట్టిన మనిషి.

"మీకేం తెలుసు? మగ్గాలు పోయేదాక గా జానెడు సందుల నడిచినోళ్ళం మేము" అంది కుర్చీల వైపు చూసి. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "నిన్ను తొమ్మిదో నెల దాక మోసుకుంట గా బోరింగు కాన్నే తిరిగిన. గోడ సక్కగ ఉంటె నీ తలకాయ గోడకే తగులుతుండె. మా అక్కనే మేకు జరిపిందని మాకు ఎర్కనే. మా ఆడోళ్ళందరికి ఎర్కనే. చెప్తె మీరు పాడు చేస్తరని చెప్పలే."

అధ్యక్షుడు తన తల ఒకసారి తడుముకున్నాడు. వెనక ఎవరో నవ్వారు, ఆ నవ్వు అరుగుల మీదికి పాకింది. లేచిన పెద్దమనిషి కూర్చున్నాడు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అధ్యక్షుడు కాసేపు చెట్టూ పుట్టా చూసి, చివరికి బాపు దగ్గరికొచ్చి చెప్పాడు.

"పెద్దబాపు, నీ తాడు ఏడ పెట్టినవో తీయి. పెద్దమ్మను గూడ తోల్కరా. ఇంజనీరు మిషిన్ పక్కపొంటి ఉంటది, మీరు లాగినంక సూస్తడు, గంతే."

బాపు ఇంటికొచ్చి సందుగు వెనక నుంచి సంచి లాగి, తాడు తీసి, మొదటి నుంచి చివరిదాకా వేళ్ళ మధ్య నడిపించి చూశాడు. ఒక చోట పురి వదులైందని మళ్ళీ కూర్చుని బిగించాడు.

పాత గుడి తీసేసి, నేల చదును చేశాక, ముగ్గు పోసే రోజు వచ్చింది. నేను సెలవు పెట్టి పోయాను. కాలేజీలో కారణం రాయమంటే, గుడికి తాడు లాగడం చూడటానికి అని రాశాను. ప్రిన్సిపాల్ రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు.

మూలన నవధాన్యాలు, పసుపు, కుంకుమ, వాటితో పాటు ఒక నాడె పెట్టారు. మగ్గంలో దారాన్ని అటూ ఇటూ మోసే కొయ్య ముక్క అది, మా తాత వాడినది. ఇసుక కింద చిన్న పనిముట్లు పాతిన ఆ పాత దేశపు వాళ్ళు నాకు గుర్తొచ్చారు. దీన్ని చూస్తే ఏమిటని అడిగేవాళ్ళు కాదు, తెలిసిన మనిషి ఇంటికి వచ్చినట్టు చూసేవాళ్ళు.

వీధి వైపు ఒక మేకు దగ్గర బాపు, బోరింగు పక్కన మేకు దగ్గర అవ్వ. ఈసారి తాడు ఒక్క వరస కాదు. రెండు మేకుల చుట్టూ తిప్పి ముడి వేశాడు బాపు, ఫోన్ బొమ్మలో ఉన్నట్టే. ఆ సంగతి నేను తప్ప ఎవరూ గమనించలేదు. పంతులు మంత్రం చదివాడు. బాపు లాగాడు, వణికే చెయ్యి తాడు బిగిసేసరికి నిలబడిపోయింది. ఇంజనీరు తన మిషన్‌లోంచి ఎర్ర గీత వేశాడు. గీత తాడు మీదే పోయింది, ఈ చివర నుంచి ఆ చివర దాకా. ఇంజనీరు రెండోసారి చూసుకుని, "సరిగ్గా ఉంది" అన్నాడు. వాడంతా చప్పట్లు కొట్టింది.

బాపు చప్పట్లు విననట్టే ఉన్నాడు. తాడు మీదుగా అవ్వ వైపే చూస్తున్నాడు. బోరింగు గద్దె పక్కన అవ్వ నిలబడ్డ సందు మళ్ళీ సన్నంగానే ఉంది. ఇప్పుడక్కడ పడుగు పరిచేవాళ్ళు లేరు, బిందెలు నింపుకునేవాళ్ళే ఉన్నారు.

"ఇంజనీరు సార్" అన్నాడు బాపు, "గోడ మొత్తం ఒక జానెడు లోపటికి తీసుకుంటె గుడికి ఏమన్న తక్కువైతదా?"

ఇంజనీరు కాగితం చూసి, ఏం కాదన్నాడు.

"అయితె నువ్వు గా కొస జరుపు, నేను గీ కొస జరుపుత" అన్నాడు బాపు అవ్వతో. ఇద్దరూ మేకులు పెరికి, చెరో జానెడు లోపలికి కొట్టారు. తాడు తిన్నగానే ఉంది, సందు మిగిలింది. ఆ తాడు పొడుగునా బాపు నవ్వుతున్నాడు, చిన్నపిల్లాడిలా.

"అప్పుడే ఒక్క మాట చెప్తె గిట్లనే రెండు కొసలు జరుపుకుందుము గదనే. ఆనాడు ఎందుకు దాసినవ్, కడుపు సంగతి పొద్దుగాల్నే చెప్తె ఏమయితుండె?"

అవ్వ మేకు మీద సుత్తితో ఇంకో దెబ్బ వేసింది. తలెత్తలేదు.

"చెప్తె నీ చేతికి తాడు ఇచ్చెటోళ్ళా" అంది.